ఆలివ్ గానుగ వ్యర్థజలం నుండి జీవవాయువు

ఆలివ్ కాయల నుండి నూనె తీసిన తరువాత మిగిలే నల్లని, ఘాటైన వాసన గల నీటిని ఆలివ్ గానుగ వ్యర్థజలం అంటారు. గాలి చొరబడని పాత్రలో సూక్ష్మజీవుల సహాయంతో ఈ నీటిలోని సేంద్రియ పదార్థాన్ని విచ్ఛిన్నం చేసి జీవవాయువును (బయోగ్యాస్) తయారు చేయవచ్చు. ఈ ప్రక్రియను అవాయు జీర్ణక్రియ అంటారు. పల్లెలలో పేడతో నడిచే గోబర్ గ్యాస్ ప్లాంటులో జరిగేది కూడా ఇదే. అయితే పేడతో సులభంగా సాగే ఈ పని ఆలివ్ నీటితో అంత సులభంగా సాగదు. ఇంధనంగా మారగల పదార్థం ఈ నీటిలో సమృద్ధిగా ఉన్నది. ఆ ఇంధనాన్ని తయారుచేసే సూక్ష్మజీవులకు విషప్రాయమైన ఫినాల్ జాతి పదార్థాలు కూడా ఇందులోనే ఉన్నాయి. అందువలన ఈ నీటిని ఒంటరిగా కాక, పశువుల పేడ వంటి ఇతర వ్యర్థాలతో కలిపి జీర్ణం చేయడమే ఆచరణలో మేలైన మార్గంగా నిలిచింది.

పేర్లు

తెలుగు బైబిలులో 'ఒలీవ' అని వ్యవహరించిన చెట్టే ఆలివ్. దీని నుండి వచ్చే వ్యర్థజలానికి మధ్యధరా సముద్ర తీరదేశాలలో వేరువేరు పేర్లున్నాయి. స్పెయిన్‌లో దీనిని ఆల్పెచిన్ అని, గ్రీసులో కట్సీగరోస్ అని, ట్యునీషియాలో మార్జీన్ అని, పాలస్తీనా ప్రాంతంలో జీబార్ అని అంటారు. టర్కీలో వాడే 'కరాసు' అనే మాటకు నల్లనీరు అని అర్థం. ప్రాచీన రోమనులు దీనిని అముర్కా అనేవారు.

చరిత్ర

ఈ నీటి గుణదోషాలు రోమనుల కాలం నాటికే తెలుసు. క్రీ.పూ. 2వ శతాబ్దికి చెందిన కేటో తన వ్యవసాయ గ్రంథంలో అముర్కాకు అనేక ఉపయోగాలు చెప్పాడు. కళ్ళం నేలను గట్టిపరచడానికి, ధాన్యపు కొట్ల గోడలకు పూసి పురుగులను దూరంగా ఉంచడానికి దీనిని వాడమన్నాడు. క్రీ.పూ. 1వ శతాబ్దికి చెందిన వర్రో మరొక సంగతి గమనించాడు. గానుగ నుండి ఈ నీరు ఎక్కువగా పొలంలోకి పారిన చోట నేల నల్లబడి పంటకు పనికిరాకుండా పోతుందని ఆయన వ్రాశాడు. పురుగులను దూరంగా ఉంచే గుణం, నేలను చెడగొట్టే గుణం రెండూ ఈ నీటిలోని ఫినాల్ పదార్థాలతో ముడిపడినవే.

కుళ్ళే పదార్థం నుండి మండే వాయువు పుడుతుందన్న విషయాన్ని ఇటలీ శాస్త్రవేత్త అలెస్సాండ్రో వోల్టా 1776లో పరిశీలించాడు. మజ్జోరే సరస్సు అడుగు బురదను కదిలించి, పైకి వచ్చిన బుడగలను సేకరించి, ఆ వాయువు మండుతుందని చూపాడు. దానినే నేడు మీథేన్ అంటున్నాము.

వ్యర్థజలం ఏర్పడే విధానం

ప్రపంచంలో ఏటా ఉత్పత్తి అయ్యే ఆలివ్ నూనె దిగుబడిని బట్టి సుమారు 25 నుండి 34 లక్షల టన్నుల వరకు ఉంటుంది. ఇందులో అత్యధిక భాగం స్పెయిన్, ఇటలీ, గ్రీసు, టర్కీ, ట్యునీషియా, పోర్చుగల్, మొరాకో మొదలైన మధ్యధరా ప్రాంత దేశాల నుండి వస్తుంది. స్పెయిన్ ప్రథమ స్థానంలో ఉన్నది. అక్కడి ఆండలూసియా ప్రాంతంలోని హాయెన్ రాష్ట్రం ఆలివ్ తోటలకు ప్రసిద్ధి.

నువ్వులు, వేరుశనగల వంటి ఎండు గింజల నుండి నూనె తీసేటప్పుడు చెక్క మాత్రమే మిగులుతుంది. ఆలివ్ అలా కాదు. అది కండగల పచ్చికాయ. అందులో సగం వరకు నీరే ఉంటుంది. కాయను గింజతో సహా నూరి ముద్ద చేసి, ఆ ముద్ద నుండి నూనెను వేరుచేస్తారు. ఇందుకు మూడు పద్ధతులున్నాయి.

1. ఒత్తుడు పద్ధతి: ఇది పురాతనమైనది. ముద్దను చాపలపై పరచి, వాటిని ఒకదానిపై ఒకటి పేర్చి బలంగా ఒత్తుతారు. కారిన ద్రవంలో నూనె పైకి తేలుతుంది. టన్ను కాయలకు సుమారు అర ఘనపు మీటరు వ్యర్థజలం వస్తుంది.

2. మూడు పాయల పద్ధతి: ఇది 1970ల నుండి విస్తరించింది. పాల నుండి మీగడ తీసే యంత్రం వలె వేగంగా తిరిగే యంత్రంలో, ముద్దకు వేడినీరు కలిపి నూనెను, నీటిని, పిప్పిని వేరుచేస్తారు. నీరు అదనంగా కలుపుతారు కనుక టన్ను కాయలకు సుమారు ఒక ఘనపు మీటరు, అనగా వెయ్యి లీటర్ల వ్యర్థజలం వస్తుంది. నూనె మాత్రం 200 కిలోలు ఉంటుంది.

3. రెండు పాయల పద్ధతి: స్పెయిన్‌లో 1990ల ఆరంభం నుండి వాడుకలోకి వచ్చింది. ఇందులో నీరు కలపడం బాగా తగ్గుతుంది. నూనె ఒకవైపు, తడిపిప్పి మరొకవైపు వస్తాయి. వ్యర్థజలం చాలా తక్కువ. కానీ టన్ను కాయలకు సుమారు 800 కిలోల తడిపిప్పి మిగులుతుంది. దీనిని ఆల్పెరూహో అంటారు.

స్పెయిన్‌లో నేడు చాలా గానుగలు రెండు పాయల పద్ధతికి మారాయి. మూడు పాయల పద్ధతి ఇటలీ, గ్రీసు, ట్యునీషియా మొదలైన దేశాలలో ఇంకా విస్తారంగా వాడుకలో ఉన్నది. మధ్యధరా ప్రాంతమంతటా ఏటా వెలువడే వ్యర్థజలం 1 కోటి నుండి 3 కోట్ల ఘనపు మీటర్ల వరకు ఉంటుందని అంచనా. గానుగలు ఏడాది పొడవునా ఆడవు. అక్టోబరు, నవంబరుల నుండి ఫిబ్రవరి వరకు, అనగా సుమారు వంద రోజులలోనే ఈ నీరంతా వచ్చిపడుతుంది.

వ్యర్థజలం లక్షణాలు

ఈ నీటిలో సుమారు 83 నుండి 94 శాతం నీరే. మిగిలిన భాగంలో చక్కెరలు, పెక్టిన్, సేంద్రియ ఆమ్లాలు, మాంసకృత్తులు, కొద్దిగా మిగిలిపోయిన నూనె, పొటాషియం మొదలైన లవణాలు, ఫినాల్ పదార్థాలు ఉంటాయి. నీరు ఆమ్ల గుణం కలిగి ఉంటుంది. దీని పి.హెచ్. విలువ సాధారణంగా 4 నుండి 6 వరకు ఉంటుంది.

నీటి కాలుష్యాన్ని కొలవడానికి, అందులోని పదార్థాన్ని పూర్తిగా ఆక్సీకరణం చేయడానికి ఎంత ఆక్సిజన్ కావాలో లెక్కిస్తారు. దీనిని రసాయనిక ఆక్సిజన్ అవసరం (సి.ఓ.డి.) అంటారు. ఇళ్ళ నుండి వచ్చే మురుగునీటిలో ఇది లీటరుకు ఒక గ్రాము కంటే తక్కువ. ఆలివ్ నీటిలో లీటరుకు 40 నుండి 200 గ్రాముల వరకు, కొన్నిసార్లు అంతకు మించి కూడా ఉంటుంది. సూక్ష్మజీవులు ఐదు రోజులలో వాడుకునే ఆక్సిజన్‌ను జీవరసాయనిక ఆక్సిజన్ అవసరం (బి.ఓ.డి.) అంటారు. ఐరోపా సమాజపు 1991 నాటి మురుగునీటి ఆదేశంలో ఒక మనిషి రోజువారీ మురుగును 60 గ్రాముల బి.ఓ.డి.గా లెక్కించారు. లీటరుకు 40 గ్రాముల బి.ఓ.డి. గల ఆలివ్ నీరు ఒక ఘనపు మీటరు ఉంటే, అందులో 40 కిలోల బి.ఓ.డి. ఉన్నట్లు. అది 650 మందికి పైగా మనుషుల ఒకరోజు మురుగుతో సమానం. రోజుకు 20 టన్నుల కాయలాడే చిన్న గానుగ కూడా ఈ లెక్కన 13,000 జనాభాగల పట్టణమంత మురుగును విడుస్తుంది.

ఫినాల్ పదార్థాలలో హైడ్రాక్సీటైరోసాల్, టైరోసాల్, కెఫీక్ ఆమ్లం ముఖ్యమైనవి. పచ్చి ఆలివ్ కాయకు చేదునిచ్చే ఒలియురోపీన్ కూడా ఈ జాతిదే. చెట్టు మీద కాయను శిలీంధ్రాల నుండి, కీటకాల నుండి కాపాడేవి ఈ పదార్థాలే. ఇవి నూనెలో కంటే నీటిలో బాగా కరుగుతాయి. అందువలన కాయలోని ఫినాల్‌లలో చాలా కొద్ది భాగం మాత్రమే నూనెలోకి వెళుతుంది. మిగిలినదంతా నీటిలోను, పిప్పిలోను ఉండిపోతుంది.

పర్యావరణంపై ప్రభావం

శుద్ధి చేయని ఆలివ్ నీరు వాగులలో, నదులలో కలిసినపుడు అందులోని సేంద్రియ పదార్థాన్ని తినే సూక్ష్మజీవులు నీటిలోని ఆక్సిజన్‌ను హరిస్తాయి. చేపలు ఊపిరాడక చనిపోతాయి. నల్లని రంగు వలన సూర్యకాంతి లోపలికి చేరదు. నేలమీద అధికంగా పారితే విత్తనాలు మొలకెత్తవు, లవణాలు పేరుకుంటాయి. నూనె జిడ్డు వలన మట్టికి నీటిని పీల్చుకునే గుణం తగ్గుతుంది. పట్టణ మురుగుకాలువలోకి వదిలితే అక్కడి శుద్ధికేంద్రం పనిచేయకుండా పోతుంది.

స్పెయిన్‌లో గ్వాడల్‌క్వివిర్ నదీ పరీవాహక ప్రాంతంలో ఈ సమస్య తీవ్రమైనందున, 1980ల ఆరంభంలో ప్రభుత్వం ఈ నీటిని నదులలోకి వదలడాన్ని నిషేధించింది. దానికి బదులుగా నీరు ఎండకు ఆరిపోయేలా చెరువులు త్రవ్వించారు. ఇటలీలో 1996 నాటి 574వ సంఖ్య చట్టం ఈ నీటిని పరిమితంగా పొలాలకు పెట్టడానికి అనుమతించింది. హెక్టారుకు ఏడాదికి ఒత్తుడు గానుగల నీరు 50 ఘనపు మీటర్లు, యంత్ర గానుగల నీరు 80 ఘనపు మీటర్లు మించరాదు.

చెరువులలో ఆరబెట్టడం చౌకైన పద్ధతి. కానీ అది సమస్యను పూర్తిగా తొలగించదు. దుర్వాసన, దోమలు, అడుగున నీరు ఇంకడం వంటి ఇబ్బందులున్నాయి. ఆ చెరువుల అడుగున గాలి అందక మీథేన్ పుట్టి ఆకాశంలోకి పోతుంది. భూతాపాన్ని పెంచడంలో మీథేన్ ప్రభావం, నూరేళ్ళ కాలానికి లెక్కిస్తే, అంతే బరువుగల కార్బన్ డయాక్సైడ్ కంటే 27 నుండి 30 రెట్లు ఎక్కువ. అనగా ఆ చెరువులలో ఇంధనం వృథా కావడమే కాక హాని కూడా కలుగుతున్నది.

అవాయు జీర్ణక్రియ దశలు

అవాయు జీర్ణక్రియను ఒకే జాతి సూక్ష్మజీవి చేయదు. అనేక జాతులు ఒకదాని తరువాత ఒకటి పనిచేస్తాయి. ఒక జాతి విసర్జించినది మరొక జాతికి ఆహారమవుతుంది. ఈ ప్రక్రియను నాలుగు దశలుగా చెబుతారు.

మొదటి దశ జలవిశ్లేషణ. పెక్టిన్, కొవ్వులు, మాంసకృత్తుల వంటి పెద్ద అణువులు ఎంజైముల వలన చక్కెరలు, కొవ్వు ఆమ్లాలు, అమైనో ఆమ్లాలుగా విడిపోతాయి.

రెండవ దశ ఆమ్లజననం. ఈ చిన్న అణువులను బాక్టీరియాలు ప్రొపియోనిక్, బ్యుటిరిక్ మొదలైన ఆమ్లాలుగా మారుస్తాయి.

మూడవ దశ ఎసిటిక్ ఆమ్ల జననం. పై ఆమ్లాలు ఎసిటిక్ ఆమ్లంగా, హైడ్రోజన్‌గా, కార్బన్ డయాక్సైడ్‌గా మారుతాయి. ఎసిటిక్ ఆమ్లం వంటింటి వెనిగర్‌లో ఉండేదే.

నాలుగవ దశ మీథేన్ జననం. కొన్ని సూక్ష్మజీవులు ఎసిటిక్ ఆమ్లాన్ని మీథేన్, కార్బన్ డయాక్సైడ్‌లుగా విడగొడతాయి. మరికొన్ని హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్‌లను కలిపి మీథేన్ చేస్తాయి. సాధారణంగా మీథేన్‌లో మూడింట రెండు వంతులకు పైగా మొదటి మార్గంలోనే వస్తుంది. ఈ చివరి దశలోని జీవులు బాక్టీరియాలు కావు. ఆర్కియా అనే వేరొక వర్గానికి చెందినవి. అమెరికా శాస్త్రవేత్త కార్ల్ వోస్ 1977లో ఈ వర్గాన్ని ప్రత్యేకంగా గుర్తించాడు.

ఈ నాలుగు దశల మధ్య సమతౌల్యం ముఖ్యం. ఆమ్లాలను తయారుచేసే బాక్టీరియాలు త్వరగా పెరుగుతాయి, కష్టాలను తట్టుకుంటాయి. మీథేన్ జీవులు నిదానంగా పెరుగుతాయి. పి.హెచ్. 6.8 నుండి 7.4 మధ్య ఉంటేనే చక్కగా పనిచేస్తాయి. ఏ కారణం చేతనైనా వాటి పని మందగిస్తే ఆమ్లాలు పేరుకుంటాయి. పి.హెచ్. పడిపోతుంది. దానితో అవి మరింత మందగిస్తాయి. చివరకు పాత్రలోని ద్రవమంతా పుల్లబడి వాయువు ఆగిపోతుంది.

లభించే శక్తి

ఒక కిలో సి.ఓ.డి. పూర్తిగా జీర్ణమైతే సుమారు 0.35 ఘనపు మీటరు మీథేన్ వస్తుంది. ఇది రసాయనశాస్త్రం నిర్ణయించే గరిష్ఠ పరిమితి. దీని ఆధారంగా ఒక ఉదాహరణ చూడవచ్చు.

లీటరుకు 100 గ్రాముల సి.ఓ.డి. గల ఆలివ్ నీరు ఒక ఘనపు మీటరు తీసుకుంటే అందులో 100 కిలోల సి.ఓ.డి. ఉంటుంది. అందులో 70 శాతం జీర్ణమైతే 24.5 ఘనపు మీటర్ల మీథేన్ వస్తుంది. జీవవాయువులో మీథేన్ సుమారు 60 శాతం ఉంటుంది కనుక మొత్తం వాయువు సుమారు 41 ఘనపు మీటర్లు. దీనిని మండిస్తే దాదాపు 245 కిలోవాట్ గంటల వేడి లభిస్తుంది. ఇది 19 కిలోల వంటగ్యాసుతో సమానం. అనగా ఇళ్ళలో వాడే 14.2 కిలోల సిలిండరు ఒకటి నిండుగా, మరొకటి మూడవ వంతు. ఇదే వాయువుతో ఇంజను నడిపితే సుమారు 85 యూనిట్ల విద్యుత్తు వస్తుంది.

జీర్ణపాత్రలోని ద్రవాన్ని 35 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉంచాలి. గానుగ ఆడేది చలికాలం. 15 డిగ్రీల వద్ద ఉన్న ఒక ఘనపు మీటరు నీటిని 35 డిగ్రీలకు వేడిచేయడానికి సుమారు 23 కిలోవాట్ గంటలు చాలు. అనగా వచ్చిన శక్తిలో పదవ వంతు కంటే తక్కువ ఖర్చుతో ఈ పని జరుగుతుంది. కాగితం మీద ఈ లెక్క ఎంతో ఆశాజనకంగా కనబడుతుంది. ఆచరణలో మాత్రం కొన్ని ఆటంకాలున్నాయి.

ఆటంకాలు

ఫినాల్‌లు: ఇవి మీథేన్ జీవుల కణపొరలను దెబ్బతీస్తాయి. పలుచని మోతాదులో సూక్ష్మజీవులు వీటికి క్రమంగా అలవాటుపడి, కొన్నింటిని విచ్ఛిన్నం కూడా చేయగలవు. గాఢత పెరిగితే మాత్రం తట్టుకోలేవు.

ఆమ్లత: ఆలివ్ నీరు స్వతహాగా ఆమ్లగుణం గలది. ఆమ్లాన్ని తటస్థపరచే క్షారత దీనిలో తక్కువ. కనుక పాత్ర త్వరగా పుల్లబడుతుంది.

నత్రజని కొరత: సూక్ష్మజీవుల పెరుగుదలకు కర్బనం 20 నుండి 30 పాళ్ళకు ఒక పాలు నత్రజని ఉండాలి. ఆలివ్ నీటిలో కర్బనం మెండు, నత్రజని తక్కువ.

నూనె జిడ్డు: మిగిలిన నూనె నుండి వచ్చే పొడవైన కొవ్వు ఆమ్లాలు సూక్ష్మజీవుల ముద్దలకు పూతలా అంటుకుంటాయి. ఆ ముద్దలు తేలిపోయి నీటితో కొట్టుకుపోతాయి.

ఋతువు: వంద రోజులే నీరు వస్తుంది. మిగిలిన తొమ్మిది నెలలు సూక్ష్మజీవులకు ఆహారం ఉండదు. పెట్టుబడి పెట్టిన యంత్రసామగ్రి ఖాళీగా ఉంటుంది.

పరిష్కార మార్గాలు

పలుచన చేయడం

మంచినీరు కలిపి ఫినాల్‌ల గాఢతను తగ్గించడం తొలినాటి ప్రయోగాలలో వాడిన పద్ధతి. సున్నం వేసి ఆమ్లతను, యూరియా వేసి నత్రజని కొరతను సరిచేసేవారు. ఇది ప్రయోగశాలలో ఫలిస్తుంది. కానీ ఒక పాలు ఆలివ్ నీటికి మూడు పాళ్ళ మంచినీరు కలిపితే వేడిచేయవలసిన ద్రవం నాలుగింతలవుతుంది. పైన చెప్పిన 23 కిలోవాట్ గంటలు 92 అవుతాయి. వచ్చే శక్తి మాత్రం పెరగదు. జీర్ణపాత్ర కూడా నాలుగింతలు పెద్దది కావాలి. అన్నిటికంటే ముఖ్యంగా, నీటి ఎద్దడి గల మధ్యధరా ప్రాంతంలో మంచినీటిని మురుగులో కలపడం సమంజసం కాదు.

ముందుగా శుద్ధి చేయడం

జీర్ణపాత్రలోకి పంపేముందు గాలి అందే తొట్టెలో అస్పర్జిల్లస్ నైగర్, జియోట్రికమ్ కాండిడమ్ వంటి శిలీంధ్రాలను పెంచి ఫినాల్‌లను తగ్గించవచ్చు. కలపను కుళ్ళబెట్టే తెల్లకుళ్ళు శిలీంధ్రాలు, ముత్యపుచిప్ప పుట్టగొడుగు కూడా ఈ పనికి ఉపకరిస్తాయి. ఓజోన్‌తోను, ఇనుము, హైడ్రోజన్ పెరాక్సైడ్‌ల మిశ్రమంతోను కూడా ఫినాల్‌లను విచ్ఛిన్నం చేయవచ్చు. అయితే శిలీంధ్రాలు ఫినాల్‌లతో పాటు చక్కెరలను కూడా తింటాయి. అవి తిన్నంత మేరకు మీథేన్ తగ్గుతుంది. రసాయనాలకు ఖర్చు ఎక్కువ.

ఫినాల్‌లను నాశనం చేయడానికి బదులు వేరుచేసి అమ్మడం మరొక మార్గం. హైడ్రాక్సీటైరోసాల్ శక్తిమంతమైన ఆక్సీకరణ నిరోధకం. ఆలివ్ నూనెలోని ఈ జాతి పదార్థాలు రక్తంలోని కొవ్వు ఆక్సీకరణం చెందకుండా కాపాడతాయన్న ప్రకటనను ఐరోపా సమాఖ్య 2012లో అనుమతించింది. దీనివలన వీటికి గిరాకీ ఏర్పడింది. ఫినాల్‌లు తీసివేసిన నీరు జీర్ణపాత్రకు కూడా అనుకూలంగా ఉంటుంది. కానీ ఇందుకు వాడే వడపోత పొరలు ఖరీదైనవి. చిన్న గానుగ ఒక్కటే భరించలేదు.

సహజీర్ణం

రెండు లేదా అంతకంటే ఎక్కువ వ్యర్థాలను కలిపి జీర్ణం చేయడాన్ని సహజీర్ణం అంటారు. ఆలివ్ నీటికి పశువుల పేడ, కోళ్ళ ఎరువు, పందుల పెంట మొదలైనవి కలుపుతారు. ఈ కలయికలో ఒకదాని లోపాన్ని మరొకటి పూరిస్తుంది. పేడలో నత్రజని, క్షారత ఉన్నాయి. మీథేన్ జీవులు కూడా సహజంగానే ఉన్నాయి. కానీ పశువు అప్పటికే జీర్ణించుకున్న పదార్థం కనుక దానిలో మిగిలిన శక్తి తక్కువ. ఆలివ్ నీటిలో శక్తి ఎక్కువ, మిగిలినవి తక్కువ. పేడ కలపడం వలన ఫినాల్‌లు మంచినీటి అవసరం లేకుండానే పలుచబడతాయి.

ఋతువు సమస్యకు కూడా ఇదే సమాధానం. ఏడాదికి వెయ్యి టన్నుల కాయలాడే గానుగను తీసుకుంటే, దానికి సుమారు వెయ్యి ఘనపు మీటర్ల వ్యర్థజలం వస్తుంది. దానిని మూతగల తొట్టెలో నిలువచేసి ఏడాది పొడవునా వాడితే రోజుకు 2.7 ఘనపు మీటర్లు పడుతుంది. దానికి మూడింతలు, అనగా 8 ఘనపు మీటర్ల పేడనీరు కలిపి ముప్ఫై రోజులు నిలువ ఉంచితే, సుమారు 320 ఘనపు మీటర్ల జీర్ణపాత్ర చాలు. అది ఏడాదంతా నడుస్తుంది. ఇదే నీటిని మూడింతల మంచినీటితో పలుచన చేసి వంద రోజులలోనే జీర్ణం చేయాలంటే 1,200 ఘనపు మీటర్ల పాత్ర కావాలి. అది తొమ్మిది నెలలు ఖాళీగా ఉంటుంది. ఈ తేడా వలననే ఆలివ్ పండే ప్రాంతాలలో గానుగ, పాడి రెండూ దగ్గరగా ఉన్నచోట ఈ విధానం రాణిస్తుంది. పాడి లేనిచోట, రవాణా ఖర్చు వాయువు విలువను మించిపోతుంది.

జీర్ణపాత్రలు

పేడ కలిపిన చిక్కని ద్రవానికి కలియబెట్టే పరికరం గల మామూలు పాత్ర అనుకూలం. ఇందులో ద్రవం 20 నుండి 30 రోజులు నిలువ ఉంటుంది. పలుచని మురుగునీటికి, నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్‌లో 1970లలో గాట్సె లెట్టింగా రూపొందించిన పద్ధతి ప్రసిద్ధమైనది. ఇందులో నీరు అడుగు నుండి పైకి, గుళికలుగా పెరిగిన సూక్ష్మజీవుల పొర గుండా ప్రవహిస్తుంది. పాత్ర చిన్నదైనా పని ఎక్కువ. కానీ నూనె జిడ్డు గల నీటితో గుళికలు తేలిపోతాయి కనుక ముందుగా నూనెను, నలకలను తీసివేయాలి. రాళ్ళు లేదా ప్లాస్టిక్ ముక్కలపై సూక్ష్మజీవులు అంటుకుని పెరిగే వడపోత పాత్రలు కూడా వాడుతారు.

ప్రారంభం, నిర్వహణ

కొత్త జీర్ణపాత్రను నేరుగా ఆలివ్ నీటితో నింపరాదు. పాలలో తోడు వేసినట్లు, ముందుగా పనిచేస్తున్న మరొక పాత్ర నుండి తెచ్చిన మడ్డిని గాని, పేడనీటిని గాని నింపి వాయువు రావడం మొదలైన తరువాత, ఆలివ్ నీటిని కొద్దికొద్దిగా కలుపుతూ మోతాదును కొన్ని వారాలపాటు పెంచుతారు. ఈలోగా సూక్ష్మజీవులలో ఫినాల్‌లను తట్టుకునే జాతులు వృద్ధి చెందుతాయి.

నిర్వహణలో పి.హెచ్.ను మాత్రమే చూస్తే చాలదు. పి.హెచ్. పడిపోయే సమయానికి హాని జరిగిపోయి ఉంటుంది. ఆమ్లాల మొత్తానికి, క్షారతకు మధ్యగల నిష్పత్తిని తరచుగా కొలవాలి. ఆమ్లాలు పెరగడం కనబడగానే కొత్త నీరు పోయడం ఆపాలి. జీవవాయువులోని హైడ్రోజన్ సల్ఫైడ్ ఇంజను భాగాలను తినివేస్తుంది. అది మనుషులకు కూడా విషవాయువు. దీనిని ఐరన్ ఆక్సైడ్ గుండా పంపి తొలగిస్తారు.

మిగిలిన ద్రవం

జీర్ణం తరువాత మిగిలే ద్రవంలో నత్రజని, భాస్వరం, పొటాషియం అలాగే ఉంటాయి. అవి వాయువుగా మారవు. ఆలివ్ నీటిలో పొటాషియం ఎక్కువ కనుక ఈ ద్రవం తోటలకు మంచి ఎరువు. విత్తనాలను మొలకెత్తనీయని గుణం కూడా చాలావరకు తగ్గుతుంది. అయితే ఇది శుభ్రమైన నీరు కాదు. ఫినాల్‌లు ఒకదానితో ఒకటి కలిసి ఏర్పడిన పెద్ద అణువులు సులభంగా జీర్ణం కావు. అందువలన నల్లరంగు పూర్తిగా పోదు. ఉదాహరణలోని నీటిలో 70 శాతం సి.ఓ.డి. పోయినా లీటరుకు 30 గ్రాములు మిగులుతుంది. అది ఇంటి మురుగు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. కనుక దీనిని నదిలోకి వదలరాదు. పొలానికి పెట్టడం గాని, మరల శుద్ధి చేయడం గాని తప్పనిసరి.

రెండు పాయల పద్ధతి వలన వచ్చే తడిపిప్పిని కూడా పేడతో కలిపి జీర్ణం చేయవచ్చు. గింజల చిప్పలు మీథేన్‌గా మారవు కనుక వాటిని ముందుగా వేరుచేసి ఎండబెట్టి పొయ్యిలలో ఇంధనంగా వాడుతారు.

భారతదేశంలో

భారతదేశంలో ఆలివ్ సాగు స్వల్పం. రాజస్థాన్ ప్రభుత్వం ఇజ్రాయెల్ సహకారంతో 2000ల చివరిలో దీనిని ఆరంభించింది. బికనేరు జిల్లా లూణ్‌కరణ్‌సర్‌లో 2014లో నూనె తీసే కేంద్రం మొదలయింది. పేడతో జీవవాయువు తీయడంలో మాత్రం దేశానికి దీర్ఘ అనుభవం ఉన్నది. ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ 1960ల నుండి తేలే డ్రమ్ము గల గోబర్ గ్యాస్ ప్లాంట్లను ప్రచారం చేసింది. జాతీయ జీవవాయువు అభివృద్ధి పథకం 1981-82లో ప్రారంభమయింది. ఇటుకల గుమ్మటం గల దీనబంధు నమూనా 1984లో రూపొందింది.

తెలుగు ప్రాంతాలలో దీనికి దగ్గరి పోలిక ఆయిల్ పామ్. ఈ పంటలో ఆంధ్రప్రదేశ్ దేశంలో అగ్రస్థానంలో ఉన్నది. ఏలూరు సమీపంలోని పెదవేగిలో జాతీయ స్థాయి ఆయిల్ పామ్ పరిశోధనా సంస్థ ఉన్నది. తెలంగాణలో అశ్వారావుపేట ప్రాంతంలో గెలల నుండి నూనె తీసే కర్మాగారం ఉన్నది. ఆయిల్ పామ్ కూడా ఆలివ్ వలె కండగల పండు కనుక నూనె తీసేటప్పుడు గోధుమరంగు వ్యర్థజలం చాలా వస్తుంది. దాని సి.ఓ.డి. సాధారణంగా లీటరుకు 50 గ్రాముల ప్రాంతంలో ఉంటుంది. అయితే మూడు విషయాలలో అది ఆలివ్ నీటి కంటే అనుకూలమైనది. దానిలో ఫినాల్‌ల బెడద తక్కువ. కర్మాగారం నుండి వేడిగానే వస్తుంది కనుక మరల వేడిచేయనక్కరలేదు. గెలలు ఏడాదిలో చాలా నెలలు వస్తాయి కనుక జీర్ణపాత్ర ఖాళీగా ఉండదు. ఆలివ్ నీటికి ఎంతో శ్రమపడి కల్పించవలసిన పరిస్థితులు ఇక్కడ సహజంగానే ఉన్నాయి. ఈ నీటిని పైకప్పు లేని చెరువులలో నిలువ ఉంచితే, ఆలివ్ చెరువులలో వలెనే మీథేన్ గాలిలో కలిసిపోతుంది. గాలి చొరని పాత్రలో జీర్ణం చేస్తే అదే వాయువు ఇంధనంగా చేతికి వస్తుంది, మిగిలిన ద్రవం ఎరువుగా తోటకు చేరుతుంది.